సివిలైజేషన్ ఆటలో కొత్తవాళ్ళ ప్రశ్నలు, చరిత్ర చెప్పే జవాబులు

సివిలైజేషన్ ఆట పేరు వినని సాఫ్ట్‌వేర్ వాళ్ళు తక్కువే. ఓసారి మొదలుపెట్టి "ఇంకొక్క టర్న్, ఇంకొక్క టర్న్" అనుకుంటూ పాలవాడు బెల్లు కొట్టేదాకా కూచున్నవాళ్ళూ మనలో బాగానే ఉంటారు. సిడ్ మైయర్, బ్రూస్ షెల్లీ కలిసి తయారుచేస్తే 1991లో మైక్రోప్రోస్ విడుదల చేసింది. 2025లో ఏడో భాగం వచ్చింది. ఈ మధ్యలో నలుచదరపు గళ్ళు పోయి ఆరు పలకల గళ్ళొచ్చాయి, బొమ్మలు అందంగా అయ్యాయి, గ్రాఫిక్స్ కార్డులు వేడెక్కాయి. కొత్తగా ఆడేవాళ్ళు అడిగే ప్రశ్నలు మాత్రం మారలేదు. మొదటి ఊరు ఎక్కడ పెట్టాలి? జనాభా ఎందుకు పెరగట్లేదు? జనం ఎందుకు గొడవ చేస్తున్నారు? దూరపు ఊళ్ళనుంచి డబ్బెందుకు రాదు?

నిదానంగా చూస్తే ఇవి ఆట ప్రశ్నలు కావు. ఐదువేల ఏళ్ళుగా రాజులూ, మంత్రులూ, గుమాస్తాలూ, ఇంజనీర్లూ తల పట్టుకున్న ప్రశ్నలే. అందుకని ఒక్కో ప్రశ్నకీ రెండేసి జవాబులు రాద్దామనిపించింది: ఆట చెప్పేది ఒకటి, చరిత్ర చెప్పేది ఒకటి. రెండూ కలిసినచోట ఆట తయారుచేసినవాళ్ళ తెలివికి ముచ్చటేస్తుంది. కలవనిచోటే మనం నేర్చుకోవాల్సింది ఎక్కువ ఉంది.

ఆడనివాళ్ళ కోసం రెండు ముక్కలు. మ్యాప్ అంతా గళ్ళు. ఒక గడిలో ఊరు పెడతారు. ఊళ్ళో ఒక్కో మనిషి (మనిషంటే నిజానికి కొన్ని వేలమంది) చుట్టుపక్కల ఒక్కో గడిలో పనిచేస్తాడు. ఆ గడినిబట్టి తిండి, ఉత్పత్తి, వ్యాపారం వస్తాయి. మనిషికి టర్నుకి రెండు తిండి కావాలి. మిగిలింది గాదెలో పడుతుంది, గాదె నిండితే ఇంకో మనిషి పుడతాడు. అంతే లెక్క. ఈ ఒక్క లూప్ మీద ముప్ఫయ్యేళ్ళుగా ఆట నడుస్తోంది.

ప్రశ్న 1: మొదటి ఊరు ఎక్కడ పెట్టాలి?

ఆట జవాబు: నది పక్కన. మొదటి భాగంలో నది గడికి వ్యాపారం ఎక్కువ, పైగా పొలాలకి నీళ్ళు పెట్టాలంటే పక్కన నీళ్ళుండాలి. 2016లో వచ్చిన ఆరో భాగంలోనైతే మంచినీళ్ళున్నచోట ఊరు పెడితే ఐదు ఇళ్ళ వసతి, సముద్రం ఒడ్డున మూడు, నీళ్ళే లేకపోతే రెండు. ఒక్క క్లిక్కుతో ఆ ఊరి తలరాత సగం తేలిపోతుంది.

ఈ సలహా మనకి కొత్తదేం కాదు. ఎలాంటి ఊళ్ళో ఉండాలో సుమతీ శతకం ఎప్పుడో చెప్పింది: అవసరానికి అప్పిచ్చేవాడు, వైద్యుడు, ఎండని నది, ద్విజుడు. ఆటలో వీటినే బ్యాంకు, హాస్పిటల్, మంచినీళ్ళు, టెంపుల్ అంటారు :)

చరిత్ర జవాబు కూడా నది పక్కనే, కాకపోతే ఒక మెలిక ఉంది. ఆటలో నది కదలదు. నిజంలో కదులుతుంది. ప్రపంచంలో మొదటి పెద్ద నగరమని చెప్పుకునే ఉరుక్, దక్షిణ ఇరాక్‌లో యూఫ్రటీస్ నీళ్ళమీద పెరిగింది. క్రీ.పూ. 3100 నాటికే అది మామూలు ఊరు కాదు, వేలాదిమంది ఉన్న పట్నం. తర్వాత కాలంలో నది దారి మార్చుకుని దూరంగా వెళ్ళిపోయింది. ఇప్పుడు ఆ దిబ్బల చుట్టూ ఎడారి.

కదలకపోయినా నది ఊరుకోదు. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా గోల్కొండ కోట ఇరుకైపోయిందనీ, నీటికి ఇబ్బందనీ మూసీ అవతల హైదరాబాద్ కట్టించాడు. అప్పటికే 1562లో హుస్సేన్ సాగర్ తవ్వి ఉంది, 1578లో మూసీ మీద పురానాపూల్ కట్టి ఉంది. అంటే చెరువు, వంతెన సిద్ధం చేసుకున్నాకే నగరం లేచింది. ఏ కోణంలో చూసినా మంచి గడి. కానీ 1908 సెప్టెంబరు 28న అదే మూసీ పొంగి సుమారు 15,000 మందిని మింగేసింది. ఇప్పటి ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి నూటయాభై మంది దాకా బతికారని చెప్పుకుంటారు. ఆటలో ఈ వరద సంగతి ఆరో భాగానికి 2019లో వచ్చిన గాదరింగ్ స్టార్మ్ ఎక్స్‌పాన్షన్‌లో చూడొచ్చు. అందులో వరదొస్తే కట్టిన పొలం పాడవుతుంది, కానీ ఒండ్రు పడి నేల సారం పెరుగుతుంది. నైలు నది ఒడ్డున రైతుకి అడిగితే సరిగ్గా ఇదే చెప్పేవాడు.

ప్రశ్న 2: జనాభా ఎందుకు పెరగట్లేదు?

ఆట జవాబు: తిండి చాలట్లేదు. గనుల గళ్ళమీద పెట్టిన మనుషుల్ని తీసి పొలాలమీద పెట్టండి. గ్రానరీ కట్టండి. గ్రానరీ అంటే మన గాదే. మొదటి భాగంలో గ్రానరీ ఉంటే జనాభా పెరిగినప్పుడు నిల్వ మొత్తం ఖర్చవకుండా సగం మిగిలేది.

ఆటలో గ్రానరీ ఒక భవనం. చరిత్రలో అది భవనంకంటే ముందు ఒక లెక్కల పుస్తకం. ఉరుక్‌లో దొరికిన తొలి మట్టి పలకల్లో కవిత్వం లేదు, దేవుడి స్తోత్రాలు దాదాపు లేవు. ఎక్కువ భాగం లెక్కలే: బార్లీ ఎంత వచ్చింది, ఎవరికెంత ఇచ్చాం, బీరుకెంత పోయింది. రాత పుట్టిందే గాదె దగ్గర. మొట్టమొదటి రచయిత ఎవరంటే స్టోర్‌కీపర్ అని చెప్పుకోవాలి. డేటాబేస్ అడ్మిన్లు ఇక కాలర్ ఎగరేసుకోవచ్చు.

అసలు కథ రోమ్‌ది. ఆటలో ఒక నగరం తనచుట్టూ ఉన్న గళ్ళనుంచే తినాలి. మొదటి భాగంలో ఊరి గడితో కలిపి మొత్తం 21 గళ్ళు. రోమ్ జనాభా మొదటి శతాబ్దంలో సుమారు పది లక్షలని అంచనా. చుట్టూ ఉన్న లాటియం పొలాలు ఆ జనానికి ఏ మూలకీ చాలవు. క్రీ.పూ. 123లో గయస్ గ్రాకస్ ప్రభుత్వమే తక్కువ ధరకి గోధుమలు అమ్మాలని చట్టం తెచ్చాడు. మన రేషన్ బియ్యం లాంటిది. క్రీ.పూ. 58లో క్లోడియస్ దాన్ని పూర్తిగా ఉచితం చేశాడు. జూలియస్ సీజర్ వచ్చేసరికి లబ్ధిదారుల జాబితా 3,20,000కి చేరింది. ఆయన ఏరివేసి 1,50,000కి దించాడు. తర్వాత అగస్టస్ కాలంలో సుమారు రెండు లక్షల దగ్గర నిలిచింది. మనిషికి నెలకి ఐదు మోదియస్‌లు, అంటే ముప్ఫై కిలోలకు పైమాట. బోగస్ కార్డుల ఏరివేత రెండువేల ఏళ్ళనాటి కార్యక్రమం అన్నమాట.

ఆ గోధుమలు ఎక్కణ్ణుంచి? ఉత్తర ఆఫ్రికానుంచి, ఈజిప్టునుంచి. ఓడల్లో. ఎందుకు ఓడల్లో అంటే క్రీ.శ. 301లో డయోక్లీషియన్ వేయించిన ధరల శాసనం చూసి చరిత్రకారులు ఒక లెక్క తేల్చారు: మధ్యధరా సముద్రం ఈ చివరనుంచి ఆ చివరకి ఓడలో గోధుమలు తేవడంకంటే, బండిమీద 120 కిలోమీటర్లు తోలడం ఎక్కువ ఖరీదు. మన భాషలో చెప్పాలంటే రోమ్‌కి దగ్గరి సర్వర్ దూరమైనది, దూరపు సర్వర్ దగ్గరైనది. నెట్‌వర్క్ మ్యాప్ వేరు, భూగోళం మ్యాప్ వేరు.

ఆట ఈ సంగతిని నెమ్మదిగా గ్రహించింది. 1996లో వచ్చిన రెండో భాగంలో ఒక ఊరి తిండి ఇంకో ఊరికి బిడారుతో పంపే వీలొచ్చింది. ఐదో భాగానికి 2013లో వచ్చిన ఎక్స్‌పాన్షన్‌లో వ్యాపార మార్గాలమీద తిండి నడిచింది. ఏడో భాగంలోనైతే కొత్త ఊరు పెట్టగానే అది నగరం కాదు, చిన్న పట్నం. దానికో ప్రత్యేకత ఇస్తే తన మిగులు తిండి నగరాలకి పంపుతూ ఉంటుంది. దీనికి మళ్ళీ వద్దాం, అసలు విషయం అక్కడుంది.

ప్రశ్న 3: తిండి ఉన్నా నగరం ఒక సైజు దగ్గర ఎందుకు ఆగిపోతోంది?

ఆట జవాబు: నీళ్ళు. అక్విడక్ట్ కట్టండి. మొదటి భాగంలో సైజు 10 దాటాలంటే అక్విడక్ట్ ఉండాలి. రెండో భాగంలో 8 దగ్గరే ఆగుతుంది, 12 దాటాలంటే మురుగు కాలువలు కూడా కావాలి. మూడో భాగంలో నదో సరస్సో పక్కన లేకపోతే 6 దగ్గరే ఆగిపోతుంది.

ఈ ఒక్క నియమం నాకు ఆట మొత్తంలో నిజానికి అతి దగ్గరగా అనిపిస్తుంది. రోమ్ మొదటి అక్విడక్ట్ ఆక్వా ఆపియా క్రీ.పూ. 312లో కట్టారు. క్రీ.శ. 226 నాటికి అవి పదకొండయ్యాయి. ఆటలో కట్టాక పనైపోయింది, ఇక దాన్ని మర్చిపోవచ్చు. నిజంలో మెయింటెనెన్స్ ప్రాజెక్టు అప్పుడే మొదలవుతుంది. క్రీ.శ. 97లో ఫ్రాంటినస్ అనే పెద్దాయనకి రోమ్ నీటి సరఫరా అప్పగించారు. అప్పటికే ఆయన బ్రిటన్‌కి గవర్నరుగా చేసొచ్చినవాడు. పాత రిజిస్టర్లు నమ్మకుండా స్వయంగా వెళ్ళి ఎక్కడికక్కడ నీళ్ళు కొలిపించాడు. రికార్డులో ఉన్నదానికీ కొలతకీ పొంతన లేదు. తవ్వితే తేలిందేమిటంటే, నీళ్ళ సిబ్బందే పైపులకి దొంగ కన్నాలు పెట్టి అమ్ముకుంటున్నారు, దారిలో ఉన్న రైతులు కాలువకి గండి కొట్టుకుంటున్నారు. ఇదంతా ఆయనే ఒక పుస్తకంగా రాసిపెట్టాడు. ప్రొడక్షన్ ఆడిట్ రిపోర్టుల్లో ఇంతకంటే పాతది, ఇంతకంటే నిజాయితీగా ఉన్నది నేను చూళ్ళేదు.

నీళ్ళు ఆగితే ఏమవుతుందో కూడా రోమే చూపించింది. క్రీ.శ. 537లో గోత్ సైన్యం నగరాన్ని ముట్టడించి అక్విడక్టులు తెగ్గొట్టింది. యుద్ధాలు ముగిసేసరికి ఒకప్పటి పది లక్షల నగరంలో మిగిలింది కొన్ని వేలమంది. ఆట నియమం తిరగేసి చదివినట్టు.

మన హైదరాబాద్ కథ కూడా ఇదే నియమం మీద నడిచింది. 1908 వరద తర్వాత నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించింది. ఎగువన జలాశయాలు కట్టి వరద ఆపాలని ఆయన సలహా. 1920లో ఉస్మాన్ సాగర్ (మన గండిపేట), 1927లో హిమాయత్ సాగర్ పూర్తయ్యాయి. వరద ఆపడానికి కట్టినవే దశాబ్దాలపాటు నగరానికి తాగునీరిచ్చాయి. తర్వాత మంజీరా, సింగూరు. 2004నుంచి కృష్ణ. 2015నుంచి గోదావరి. కృష్ణా గోదావరుల నీళ్ళు నూరు కిలోమీటర్లకు పైగా పైపుల్లో వచ్చి పడుతున్నాయి. బెంగళూరు వాళ్ళు 1974నుంచి కావేరి నీళ్ళు సుమారు నూరు కిలోమీటర్ల దూరంనుంచి, దాదాపు అర కిలోమీటరు ఎత్తుకి తోడుకుంటున్నారు. అయినా 2024 మార్చిలో బోర్లెండిపోయి ఐటీ కారిడార్ మొత్తం ట్యాంకర్ల వెంట పరిగెత్తింది.

ఆటలో అక్విడక్ట్ లేకుండా సైజు 11 కాదు. సిస్టమ్ ఒప్పుకోదు. నిజంలో మాత్రం ముందు అపార్ట్‌మెంట్ అమ్మేస్తాం, తర్వాత నీళ్ళ సంగతి చూద్దాం అంటాం. వాలిడేషన్ తీసేసిన కోడ్ మనది. గండిపేట, హిమాయత్ సాగర్ల చుట్టూ పది కిలోమీటర్లలో కట్టడాలమీద ఆంక్షలు పెడుతూ 1996లో జీవో 111 వచ్చింది. ఒక రకంగా అదొక వాలిడేషన్ రూలే. 2022లో ఆ ఆంక్షలు తొలగిస్తూ ఇంకో జీవో వచ్చింది. దాని మంచిచెడ్డలమీద వాదనలు చాలా ఉన్నాయి, అక్కడి రైతుల బాధ కూడా అబద్ధం కాదు. రూలు తీసేసినంత మాత్రాన సైజు లిమిట్ పోదు, అది కనబడటం మాత్రమే ఆగిపోతుంది. నేను అనేది అంతే.

ప్రశ్న 4: జనం ఎందుకు గొడవ చేస్తున్నారు?

ఆట జవాబు: సంతోషంగా ఉన్నవాళ్ళకంటే అసంతృప్తిగా ఉన్నవాళ్ళు ఎక్కువైతే అల్లర్లు మొదలవుతాయి, పన్ను రాదు, పని జరగదు. టెంపుల్ కట్టండి, కలోసియం కట్టండి, కాస్త విలాసాలకి డబ్బు మళ్ళించండి.

చరిత్ర ఇక్కడ సగం తలూపుతుంది. క్రీ.శ. 51లో గోధుమ ఓడలు ఆలస్యమై నగరంలో పదిహేను రోజులకే తిండి ఉందని తెలిసినప్పుడు, రోమ్ నడిబజారులో జనం క్లాడియస్ చక్రవర్తినే చుట్టుముట్టారు. ఎండు రొట్టెముక్కలు విసిరారు. ఆయన పక్కదారిన బయటపడ్డాడు. దాంతో చలికాలంలో ఓడలు నడిపే వర్తకులకి నష్టం వస్తే తానే భరిస్తానని హామీ ఇచ్చాడు. అక్కడ ఆయన కలోసియం కట్టలేదు (అదింకా పుట్టనేలేదు), సరఫరా సరిచేశాడు.

వినోదంతో అల్లర్లు తగ్గుతాయనే మాటకి కాన్‌స్టాంటినోపుల్ అడ్డు చెబుతుంది. 532లో అక్కడ నికా తిరుగుబాటు పుట్టిందే రథాల పందేల మైదానంలో. నీలం జట్టు, ఆకుపచ్చ జట్టు అభిమానులు ఎప్పుడూ ఒకళ్ళనొకళ్ళు కొట్టుకునేవాళ్ళు. ఆ వారం ఇద్దరూ ఒకటై చక్రవర్తి జస్టీనియన్ మీదకి తిరిగారు. సగం నగరం తగలబడింది. చివరికి సైన్యం అదే మైదానంలో సుమారు ముప్ఫైవేల మందిని చంపిందని అప్పటివాళ్ళు రాశారు. ఆటలో స్టేడియం అసంతృప్తిని తగ్గిస్తుంది. నిజంలో అది జనాన్ని ఒకచోటికి చేర్చే వేదిక. చేరినవాళ్ళు ఏం చెయ్యాలో వాళ్ళే నిర్ణయించుకుంటారు.

ప్రశ్న 5: దూరపు ఊళ్ళనుంచి డబ్బెందుకు రావట్లేదు?

ఆట జవాబు: అవినీతి. రాజధానినుంచి ఎంత దూరమైతే గాదెకింద పందికొక్కులు అంత ఎక్కువ. కోర్టు కట్టండి. 2001లో వచ్చిన మూడో భాగంలో ఇది మరీ ఎక్కువ. దూరపు నగరం ఎంత పెద్దదైనా టర్నుకి ఒక్కటంటే ఒక్కటే ఉత్పత్తి ఇచ్చేది, ఆడేవాళ్ళు జుట్టు పీక్కునేవాళ్ళు. దానికి విరుగుడుగా ఫర్బిడెన్ ప్యాలెస్ అని రెండో రాజధానిలాంటిది కట్టుకోవచ్చు. 2005లో సోరెన్ జాన్సన్ డిజైన్ చేసిన నాలుగో భాగంలో అవినీతి తీసేసి, ప్రతి కొత్త ఊరికీ దూరాన్నిబట్టీ, మొత్తం ఊళ్ళ సంఖ్యనిబట్టీ నిర్వహణ ఖర్చు పెట్టారు. ఎడాపెడా ఊళ్ళు పెట్టుకుంటూ పోతే ఖజానా ఖాళీ.

ఈ నియమానికి భారతదేశ చరిత్రలో మహమ్మద్ బిన్ తుగ్లక్‌ని మించిన ఉదాహరణ లేదు. ఆయన యువరాజుగా ఉన్నప్పుడు, 1323లో, ఓరుగల్లు పడగొట్టి కాకతీయ రాజ్యాన్ని ఢిల్లీలో కలిపాడు. ఓరుగల్లుకి సుల్తాన్‌పూర్ అని పేరు పెట్టారు. ఇప్పుడు మ్యాప్ చూడండి. ఢిల్లీనుంచి ఓరుగల్లుకి గుర్రమ్మీద వారాల తరబడి ప్రయాణం. మధ్యలో వింధ్య, నర్మద, గోదావరి. ఇక్కడ ఎవరేం తిన్నారో అక్కడ తెలిసేలోపు ఋతువు మారిపోతుంది.

అందుకే ఆయన 1327 ప్రాంతంలో దేవగిరికి దౌలతాబాద్ అని పేరు పెట్టి రాజధాని చేశాడు. సరిగ్గా ఫర్బిడెన్ ప్యాలెస్ ఆలోచన. మన పాఠ్యపుస్తకాలు దాన్ని పిచ్చి తుగ్లక్ కథగా చెప్పాయి గానీ, ఆలోచన పిచ్చిది కాదు. దక్కన్ చేతిలో ఉండాలంటే దక్కన్ దగ్గర్లో ఒక కేంద్రం కావాలి, అంతే. ఢిల్లీ మొత్తం ఖాళీ చేయించాడన్న మాట కూడా అతిశయోక్తేనని ఇప్పటి చరిత్రకారులు చాలామంది అంటారు. ముఖ్యంగా తరలించింది అధికారుల్నీ, పండితుల్నీ, పెద్ద కుటుంబాల్నీ. దారిలోనూ, తర్వాతా ఆ కుటుంబాలు పడ్డ కష్టం మాత్రం అబద్ధం కాదు. ఆన్‌సైట్ ఆఫర్ కాదుగా అది, వద్దనే వీలు లేదు.

అయినా నిలబడలేదు. 1330లలో మధుర తిరగబడింది. అణచడానికి సుల్తాన్ సైన్యంతో బయల్దేరితే ఓరుగల్లు దగ్గర సైన్యంలో రోగం ప్రబలి వెనక్కి తిరగాల్సొచ్చింది. 1336 ప్రాంతంలో ముసునూరి కాపయ నాయకుడు ఓరుగల్లు తిరిగి పట్టుకున్నాడు. అప్పటి పాలకుడు మాలిక్ మక్బూల్ ఢిల్లీకి తప్పించుకుపోయాడు. ఈ మక్బూల్ పుట్టుకతో తెలుగువాడే. ముందు కాకతీయుల కొలువులో ఉండి తర్వాత మతం మారినవాడు. ఢిల్లీ వెళ్ళి ఫిరోజ్ షా తుగ్లక్ దగ్గర ప్రధానమంత్రి అయ్యాడు, ఖాన్-ఎ-జహాన్ తిలంగానీ అని పేరు. 1347లో దౌలతాబాద్‌లోనే బహమనీ రాజ్యం పుట్టింది. చూశారా తమాషా? దక్కన్‌ని ఢిల్లీకి కట్టిపడేద్దామని నింపిన నగరమే దక్కన్ విడిపోవడానికి మొదటి మెట్టయింది. ఆటలో రెండో రాజధాని మన మాట వింటుంది. నిజంలో ఒక ఊరికి అధికారులనీ, ఖజానానీ, సైన్యాన్నీ ఇస్తే దానికి సొంత ఆలోచనలు కూడా వస్తాయి.

ప్రశ్న 6: వింతలు ఎప్పుడు కట్టాలి?

ఇది త్వరగా ముగిస్తాను. ఆట జవాబు: ఉత్పత్తి ఎక్కువున్న ఒక్క నగరంలో కట్టండి. నాలుగో భాగంలో బానిసత్వం ఎంచుకుంటే జనాభాని బలిపెట్టి పని తొందరగా ముగించొచ్చు, కొరడా దెబ్బ అంటారు ఆడేవాళ్ళు. పిరమిడ్లు కొరడాలతోనే కట్టారని మనలో చాలామంది అనుకుంటాం కూడా.

2013లో పియర్ తలే బృందానికి ఎర్రసముద్రం ఒడ్డున వాదీ అల్-జర్ఫ్‌లో పపైరస్ చుట్టలు దొరికాయి. రాసి ఉన్న పపైరస్‌లలో ఇప్పటిదాకా దొరికినవాటిలో అతి పాతవి అవే. అందులో మెరెర్ అనే అధికారి తన బృందం రోజువారీ పని రాసుకున్నాడు: ఇవాళ తూరా గనినుంచి సున్నపురాయి పడవకెక్కించాం, రేపు గీజాకి ప్రయాణం, రాత్రి ఫలానాచోట బస. ఖుఫు పిరమిడ్‌కి వెళ్ళిన రాయి అది. అంటే మనకి దొరికిన అతి పాత పపైరస్ ఒక టైమ్‌షీట్! ఆ పక్కనే జీతంగా ఇచ్చిన ధాన్యం లెక్కలు కూడా ఉన్నాయి. గీజాలో తవ్వకాల్లో కార్మికుల ఊరు, రొట్టెల బట్టీలు, పిరమిడ్ నీడలోనే వాళ్ళ సమాధులు బయటపడ్డాయి. వింత వెనక కొరడాకంటే ముందు రొట్టె ఉంది. మళ్ళీ గాదె దగ్గరికే వచ్చాం.

ఎవరూ అడగని ప్రశ్న

ఆటలో తిండి తక్కువైతే నగరం జనాభా ఒకటి తగ్గుతుంది. ఆకలికి చచ్చేది నగరంలో మనిషి. ఎందుకంటే ఆట లెక్కలో నగరం బయట మనుషులే లేరు. పొలం గడిలో రైతు ఇల్లు కనబడినా అతను నగరం సంఖ్యలోనే ఉంటాడు.

చరిత్రలో ఇది తలకిందులు. 1943 బెంగాల్ కరువు చూడండి. యుద్ధంకోసం కలకత్తా ఫ్యాక్టరీలు నడవాలి కాబట్టి, అక్కడి కార్మికులకీ ఉద్యోగులకీ సబ్సిడీ ధరకి బియ్యం అందేలా చూశారు. ఆ కొనుగోళ్ళతో పల్లెల్లో ధర ఆకాశానికంటింది. వరి పండించే జిల్లాల్లో కూలీలూ, జాలర్లూ, చేతిపనులవాళ్ళూ కొనలేక చచ్చిపోయారు. మొత్తం సుమారు ముప్ఫై లక్షలమందని అంచనా. అమర్త్యసేన్ 1981లో రాసిన పుస్తకంలో లెక్కలు వేసి చూపించాడు: ఆ ఏడు బియ్యం మొత్తమ్మీద 1941కంటే తక్కువేం లేదు. పల్లెలనుంచి నడిచొచ్చినవాళ్ళు కలకత్తా వీధుల్లో, నిండుగా ఉన్న దుకాణాల ముందే కూలిపోయారు. ఆట స్క్రీన్‌లో ఇది కనిపించే వీలే లేదు. కలకత్తా పక్కన ఆకుపచ్చ అంకె, తిండి మిగులు, అంతా బాగుంది.

మనవైపు 1832-33 గుంటూరు కరువులో, నందన కరువంటారు, జిల్లా జనంలో దాదాపు మూడోవంతు పోయారని చెబుతారు. పక్కనే కృష్ణ పారుతోంది, సముద్రంలోకి. తర్వాత పదిహేనేళ్ళకి, 1847లో, ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట మొదలుపెట్టి 1852లో పూర్తిచేశాడు. 1855 నాటికి బెజవాడ దగ్గర కృష్ణకీ ఆనకట్ట పడింది. నీళ్ళు పక్కనే ఉన్న గడికి ఇరిగేషన్ క్లిక్ చెయ్యడానికి ఎంతమంది పోవాల్సొచ్చిందో చూడండి.

అందుకే ఏడో భాగంలో వచ్చిన పట్నం-నగరం తేడా నాకు చిన్న మార్పుగా అనిపించదు. ముప్ఫై మూడేళ్ళ తర్వాత ఆట మొదటిసారి ఒప్పుకుంది: నగరం తన తిండి తాను పండించుకోదు, ఎవరో పంపుతారు. ఇంకా ఒప్పుకోనిది ఒకటి మిగిలింది. ఆ పట్నం పంపను అనదు. దానికి ధర కావాలని అడగదు, రోడ్డెక్కదు, ముందు మా చెరువు నిండాలనదు. రైతు బజారులో బేరమాడే మనకి, కావేరి నీళ్ళకోసం రెండు రాష్ట్రాలు దశాబ్దాలుగా కోర్టుల్లో తిరగడం చూసిన మనకి, అది ఎంత పెద్ద విడ్డూరమో తెలుసు.

కాబట్టి కొత్తగా ఆడేవాళ్ళకి నా సలహా: మీ నగరం స్క్రీన్ తెరిచినప్పుడు ఎంత పెరుగుతోందో చూశాక, ఏ గళ్ళు తిని పెరుగుతోందో కూడా చూడండి. ఆట ఆపాక కూడా ఆ అలవాటు పోగొట్టుకోకండి. ఎండాకాలంలో మీ అపార్ట్‌మెంటుకొచ్చే ట్యాంకరు ఏ ఊరి బోరులో నిండుతోంది? ఆటలో గడిమీద మౌస్ పెడితే చెప్పేస్తుంది. ఇక్కడ మాత్రం డ్రైవర్ని అడగాలి. ఈసారి వచ్చినప్పుడు అడిగి చూడండి, ఆ ఊరి పేరేంటో కింద రాయండి.